డిష్‌వాషర్ పెట్టేముందు: వన్ టౌన్ వంటిళ్లలో చూసుకోవాల్సిన ఎర్తింగ్, వైరింగ్

రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక సింకులో పేరుకుపోయే గిన్నెల సంగతి ఇంటి ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకపక్క తరావీహ్ టైమ్ అవుతుంటుంది, ఇంకోపక్క హలీమ్ అంటుకున్న దేగ్చాలు, ఖీమా జిడ్డు పట్టిన ప్లేట్లు. తెల్లారకముందే మళ్లీ సెహ్రీ వంట మొదలు. 2020 లాక్‌డౌన్‌లో పనివాళ్లు రాలేని రోజుల్లో మన దేశంలో డిష్‌వాషర్ల అమ్మకాలు ఊపందుకున్నాయి. అప్పటిదాకా షోరూమ్‌లో చూసి దాటిపోయే ఆ పెట్టె ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ల లిస్టులోకి కూడా వచ్చింది.

కొనేటప్పుడు అందరూ మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని గిన్నెలు పడతాయి, ఎన్ని నీళ్లు పడతాయి, కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది. నాలుగో ప్రశ్న ఎవరూ అడగరు. ఇంట్లో పనిచేసే ఎర్తింగ్ ఉందా? వించిపేట, ఇస్లాంపేట, తారాపేట, చిట్టినగర్ లాంటి పాత పేటల్లో, కొండవాలు మీద కట్టుకున్న ఇళ్లలో, అసలు ప్రశ్న అదే. మిగతావి తేడా వస్తే డబ్బులు పోతాయి. ఇది తేడా వస్తే తడి చేతులతో ఆ మెషిన్ తలుపు తీసే మనిషి ప్రాణం మీదకు వస్తుంది.

ముందు లోడు లెక్క

మన దగ్గర దొరికే 12 నుంచి 14 మంది సెట్టు పట్టే డిష్‌వాషర్లు మామూలుగా 1800 నుంచి 2400 వాట్ల దాకా తీసుకుంటాయి. ఇందులో మోటారు, పంపులు తినేది చాలా తక్కువ. తినేదంతా హీటరే. మెషిన్ నీళ్లను తనే వేడి చేసుకుంటుంది, జిడ్డు పాత్రల ప్రోగ్రామ్‌లో అయితే 65, 70 డిగ్రీల దాకా తీసుకెళుతుంది. అందుకే కరెంటు పరంగా దీన్ని మిక్సీ, గ్రైండర్ల వరసలో కాకుండా గీజర్ వరసలో పెట్టాలి.

మన సప్లై 230 వోల్టులు. 2400 వాట్లను దాంతో భాగిస్తే పదిన్నర ఆంప్స్‌కు దగ్గరగా వస్తుంది. లైట్లు, ఫ్యాన్లు, సెల్ చార్జర్లకు వాడే చిన్న సాకెట్టు 6 ఆంప్స్‌ది. పది ఆంప్స్‌ను అది మోయలేదు. డిష్‌వాషర్‌తో వచ్చే ప్లగ్ కూడా 16 ఆంప్స్ లావు పిన్నులదే, చిన్న సాకెట్టులో దూరదు. దూరడం లేదని బజార్లో కన్వర్టర్ ప్లగ్ కొనుక్కొచ్చి తగిలించేవాళ్లున్నారు. ప్లగ్గే కోసేసి చిన్నది బిగించేవాళ్లూ ఉన్నారు. మొదటి వారం ఏమీ కాదు. తర్వాత సాకెట్టు చుట్టూ గోధుమరంగు మరక, ప్లాస్టిక్ కాలిన వాసన. జంక్షన్ బాక్సు తీసుకొచ్చి అందులో ఫ్రిజ్జు, ఓవెన్, డిష్‌వాషర్ మూడూ పెట్టడం కూడా ఇలాంటిదే.

వంటింట్లో ఇది ఒక్కటే ఉండదు. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, మైక్రోవేవ్ 1200కు పైనే, మిక్సీ 750, ఫ్రిజ్జు రెండొందల లోపు. బాత్రూంలో గీజర్ ఇంకో 2000. ప్రతి 1000 వాట్లకు నాలుగున్నర ఆంప్స్ లెక్కన వేసుకుంటే, సెహ్రీ వేళ గీజర్, ఇండక్షన్, ఏసీ నడుస్తుండగా డిష్‌వాషర్ కూడా వేస్తే 30 ఆంప్స్ దాటిపోతుంది. పాత ఇళ్లలో మెయిన్ బోర్డుకు వచ్చే సర్వీస్ వైరే ఆ కాలపు లైట్లు, ఫ్యాన్ల కోసం వేసింది.

కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. ఒక కిలోవాట్, రెండు కిలోవాట్లు అని ఉన్న ఇంట్లో డిష్‌వాషర్ ఒక్కటే ఆ లోడు మొత్తాన్ని తినేస్తుంది. ఏపీసీపీడీసీఎల్ దగ్గర అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోవాలి. దానికి ఒకసారి కట్టే చార్జీలు ఉంటాయి. నెల నెలా ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం కిలోవాట్‌కు 10 రూపాయలే, భయపడేంత ఏమీ కాదు. లోడు పెంచుకుంటే కరెంటోళ్ల కంట్లో పడతామని కొందరు వెనకాడతారు. నిజానికి పెంచుకోకపోతేనే ఆ భయం.

విడి లైను

డిష్‌వాషర్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించడం సరైన పద్ధతి. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడు రాగి తీగలు. మామూలు దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్లది కూడా పది ఆంప్స్ మోస్తుంది. కానీ పవర్ ప్లగ్‌కు మంచి ఎలక్ట్రీషియన్లు 4 చదరపు మిల్లీమీటర్లదే వేస్తారు. కొండవాలు ఇళ్లలో మీటరు కింద సందులో ఉండి, వంటిల్లు మూడు వరసల మెట్లు ఎక్కాక ఉంటుంది కాబట్టి 4 వేయించుకోవడమే మేలు. దానికి 16 ఆంప్స్ ఎమ్‌సీబీ సరిపోతుంది.

ఎమ్‌సీబీ మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని తీసి 32 ఆంప్స్‌ది పెట్టే మేస్త్రీలున్నారు. పాత ఫ్యూజు కారియర్ల కాలంలో లావు తీగ చుట్టినట్టే ఇదీ. ఎమ్‌సీబీ ఉన్నది మెషిన్ కోసం కాదు, గోడలో ఉన్న వైరు కాలిపోకుండా చూడడం కోసం. వైరు సైజు పెంచకుండా ఎమ్‌సీబీ ఒక్కటే పెంచితే కాలేది గోడ లోపల, ఎవరికీ కనిపించని చోట.

సాకెట్టు మెషిన్ వెనకాల పెట్టించకూడదు. అవసరం పడ్డప్పుడు యాభై కిలోల పెట్టెను ముందుకు లాగితే గానీ స్విచ్ అందదు. పక్క అరలోనో, గట్టు పైనో, చెయ్యి చాపితే అందేలా ఉండాలి. సింకు పైపు కిందా వద్దు. ఆ పైపు ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. మెషిన్‌తో వచ్చే వైరు, నీళ్ల గొట్టం రెండూ ఒకటిన్నర మీటరుకు అటూఇటూగా ఉంటాయి. కుళాయి, డ్రైన్, సాకెట్టు మూడూ ఆ దూరంలోనే కుదరాలి. ఇంకో మాట, పాత మార్కెట్ పక్క ఇళ్లలో ఎలుకల బెడద తెలిసిందే. మెషిన్ కింద వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడే చేరతాయి, వైరు తొడుగూ గొట్టమూ కొరుకుతాయి. వెనక ఖాళీని జాలీతో మూయించుకోవాలి.

మూడో పిన్ను దేనికి

ప్లగ్‌లో పైన ఉండే పిన్ను మిగతా రెండిటి కంటే లావుగా, పొడుగ్గా ఉంటుంది. అది ఎర్త్ పిన్ను. పొడుగ్గా ఉండబట్టి పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగులుతుంది, తీసేటప్పుడు అందరికంటే చివర వదులుతుంది. మెషిన్ ఇనుప ఒళ్లు మొత్తం ఆ పిన్నుకు కలిపి ఉంటుంది. లోపల ఎక్కడైనా ఫేజ్ తీగ ఒంటికి తగిలినా, హీటర్ పగిలి నీళ్లలోకి కరెంటు దిగినా, ఆ కరెంటు మనిషి గుండా కాకుండా ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలన్నది ఏర్పాటు.

డిష్‌వాషర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. లోపలంతా స్టీలు తొట్టి, నీళ్లు, ఉప్పు, హీటర్ ఒకే చోట. బయట తడి నేల, చాలా ఇళ్లలో చెప్పుల్లేని కాళ్లు. వుజూ చేసుకుని వచ్చి అదే తడితో తలుపు తీస్తారు. ఒక చెయ్యి మెషిన్ మీద, ఇంకో చెయ్యి స్టీలు సింకు మీద ఉండడం మామూలే. ఒక చేతిలోంచి ఇంకో చేతికి కరెంటు పోతే దారిలో ఉండేది గుండె.

మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోందని, చీమలు పాకినట్టుందని చెప్పేవాళ్లుంటారు. వచ్చిన టెక్నీషియన్ మెషిన్ అంతా చూసి, దీంట్లో లోపమేమీ లేదంటాడు. ఇద్దరిదీ నిజమే. ఇప్పటి మెషిన్లలో ఎలక్ట్రానిక్ బోర్డుకు అడ్డొచ్చే కరెంటు గోలను వడపోసే ఒక ఫిల్టర్ ఉంటుంది. దాని పనే ఆ గోలను ఎర్త్‌లోకి పంపడం. ఎర్త్ లేని ఇంట్లో ఆ ఫిల్టర్ వల్ల మెషిన్ ఒంటి మీద సప్లైలో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. అందులో కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ అది ఇంట్లో ఎర్త్ లేదని మెషిన్ చెబుతున్న మాట. రేపు నిజంగా హీటర్ పాడైతే ఆ ఒంటి మీదకే పూర్తి 230 వోల్టులూ వస్తాయి, వెనక కరెంటూ దండిగా ఉంటుంది. రబ్బరు చెప్పులు వేసుకుంటే సరిపోతుందనుకుని సర్దుకుపోవడం చాలా ఇళ్లలో చూసేదే. ఇంటికొచ్చిన పసివాడు చెప్పులు వేసుకోడు.

మన ఇళ్లలో ఎర్త్ ఎందుకు ఉండదు

స్తంభం మీది నుంచి ఎక్కువ ఇళ్లకు వచ్చేది రెండు తీగలే, ఫేజ్, న్యూట్రల్. ఎర్త్ ఇంటివాళ్లు తమ స్థలంలో గుంత తీసి వేసుకోవాల్సిందే. పాత ఇళ్లలో చెక్క రీపర్ల మీద బిగించిన వైరింగ్‌కు మూడో తీగే లాగలేదు. ఒకప్పుడు కొందరు ఇనుప నీళ్ల పైపుకు ఎర్త్ కట్టేవారు. ఆ పైపుల్ని తర్వాత ప్లాస్టిక్‌వి చేశారు. తీగ అలాగే ఉంది, ఎర్త్ పోయింది. పైగా అలా కట్టిన చోట ఒక ఇంటి లోపం పక్కింటి కుళాయికి వస్తుంది.

కొండవాలు ఇళ్లకు మరో కష్టం. ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల, గొల్లపాలెం గట్టు, చిట్టినగర్ వైపు గడ్డపార వేస్తే రాయి తగులుతుంది. ఎర్త్ పనిచేయాలంటే తడి ఉన్న మట్టి కావాలి. ఎర్తింగ్ మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 చెప్పేది పైపు ఎలక్ట్రోడ్ రెండున్నర మీటర్ల పొడవు ఉండాలని. రాతిలో అంత లోతు దింపడం మామూలు పని కాదు. అందుకని రెండడుగుల దగ్గరే ఆపేసి పైన సిమెంటు పూస్తారు. మూత చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ కొంచెం మట్టీ ఎండి, ఎర్త్ పేరుకే మిగులుతుంది.

ఇంతకంటే ప్రమాదమైనది న్యూట్రల్ లూప్. ఎర్త్ తీగ దొరకని చోట కొందరు మేస్త్రీలు సాకెట్టు లోపలే న్యూట్రల్ స్క్రూ నుంచి చిన్న తీగ ముక్క తీసి ఎర్త్ స్క్రూకు కలిపేస్తారు. జివ్వుమనడం ఆగిపోతుంది, బల్బు పెట్టి చూస్తే భేషుగ్గా వెలుగుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఏదో ఒక రోజు గాలివానకు స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో న్యూట్రల్ తెగితే, లోపల ఆన్‌లో ఉన్న ప్రతి వస్తువు గుండా వచ్చిన ఫేజ్ ఆ ముక్క ద్వారా నేరుగా మెషిన్ ఒంటి మీదకు ఎక్కుతుంది. లైట్లు వెలగవు కాబట్టి ఇంట్లో వాళ్లు కరెంటు పోయిందనుకుంటారు. అదే సమయంలో మెషిన్ ముట్టుకుంటే చాలు. ఎర్త్ అసలు లేకపోవడమే దీనికంటే నయం.

దీన్ని పట్టుకోవడం ఎలక్ట్రీషియన్ పని, ఇంటివాళ్లు సాకెట్టు విప్పకూడదు. కానీ ఏమి అడగాలో తెలిసి ఉండాలి. మల్టీమీటర్‌తో ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య మూడు కొలతలు తీయమనాలి. ఇంట్లో గీజర్ లాంటి లోడు నడుస్తున్నప్పుడు న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు కనిపించడం సహజం. ఎంత లోడున్నా కచ్చితంగా సున్నా వస్తుంటే లూప్ అని అనుమానించి సాకెట్టు విప్పి చూడమనాలి. బల్బు టెస్టు ఒక్కటే నమ్మకూడదు. వంద వాట్ల బల్బుకు అర ఆంప్ చాలు, బలహీనమైన ఎర్త్ మీదా అది నిండుగా వెలుగుతుంది.

ఎర్త్ ఉంటే చాలదు, ఆర్‌సీసీబీ కావాలి

చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా తేలిగ్గా తీసుకునే విషయం ఇది. లెక్క చిన్నదే.

కొండవాలు ఇంట్లో కష్టపడి ఎర్త్ వేయించారు, దాని నిరోధం 20 ఓములు వచ్చిందనుకుందాం. రాతి నేలలో అది చెడ్డ ఫలితమేమీ కాదు. మెషిన్‌లో ఫేజ్ ఒంటికి తగిలింది. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంప్స్ ఎర్త్‌లోకి పోతాయి. లైన్‌లో ఉన్న ఎమ్‌సీబీ 16 ఆంప్స్‌ది. పదకొండున్నర దానికి మామూలు లోడు, పడదు. మెషిన్ ఒళ్లు కరెంటుతోనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఇళ్లలో వాడే సీ రకం ఎమ్‌సీబీ వెంటనే పడాలంటే దాని రేటింగ్‌కు పది రెట్లు, అంటే 160 ఆంప్స్ కావాలి. అంటే ఎర్త్ దారి మొత్తం ఒకటిన్నర ఓముల లోపు ఉండాలి. రాతి కొండ మీద అది జరిగే పని కాదు, కింద నల్లరేగడి డెల్టా మట్టిలోనే ఒక్క గుంతతో అంత తేలిగ్గా రాదు.

ఆర్‌సీసీబీ వేరేగా పనిచేస్తుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే, అంటే ఒక ఆంప్‌లో ముప్ఫై మూడో వంతు దారి తప్పితే, సెకనులో మూడో వంతు లోపే సప్లై తెంచేస్తుంది. పై లెక్కలో పోయే పదకొండున్నర ఆంప్స్ దానికి కొండంత. ఎర్త్ 20 కాదు, రెండొందల ఓములున్నా ఆర్‌సీసీబీ పడుతుంది. చెడ్డ నేలలో కూడా బతికించే పరికరం ఇదొక్కటే. ఒకవేళ మనిషి గుండానే కరెంటు పోయినా, గుండె లయ తప్పేంత సేపు పోనివ్వదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఇళ్లకు చెప్పినదీ ఈ 30 మిల్లీ ఆంప్స్ హద్దే. వంద, మూడొందల మిల్లీ ఆంప్స్‌వి కూడా షాపుల్లో ఉంటాయి. అవి మంటల నుంచి రక్షణకే గాని మనిషిని కాపాడడానికి కాదు. కొనేటప్పుడు అంకె చూసి తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ బోర్డులుండే డిష్‌వాషర్లు, వాషింగ్ మెషిన్లకు ఏసీ రకం కంటే ఏ రకం ఆర్‌సీసీబీ మంచిది.

ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును పట్టించుకోదు, ఎమ్‌సీబీ లీకేజీని పట్టించుకోదు. రెండూ కావాలి. రెండు పనులూ ఒకటే చేసే ఆర్‌సీబీఓ కూడా దొరుకుతుంది. పాత ఇంటికి మొత్తానికీ ఆర్‌సీసీబీ పెట్టగానే అది నిలబడకపోవచ్చు. తేమ పట్టిన గోడలు, నలభై ఏళ్ల వైర్లు, పక్క పోర్షన్‌తో కలిసిపోయిన న్యూట్రళ్లు ఉన్న చోట తప్పకుండా పడుతుంది. అప్పుడు జరిగేదేమిటంటే, విసుగొచ్చి ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి డైరెక్ట్ చేసేస్తారు. దానికి బదులు, ఇల్లంతా వైరింగ్ మార్పించే స్తోమత వచ్చేదాకా, డిష్‌వాషర్ విడి లైనుకు మాత్రం ఒక ఆర్‌సీబీఓ పెట్టించుకోవచ్చు. కొత్త వైరు, దాని సొంత న్యూట్రల్ కాబట్టి అది ఊరికే పడదు. పడిందంటే కారణం ఉన్నట్టే. ఇంటి ఖర్చులో ఇది ముందు, మెషిన్ తర్వాత.

ఆర్‌సీసీబీ ఎప్పుడు పడుతోందన్నదీ చాలా చెబుతుంది. ప్లగ్ పెట్టగానే పడితే వైరు లేదా ఫిల్టర్. మెషిన్ మొదలై నీళ్లు పట్టుకుని, కాసేపయ్యాక వేడి చేసే దశలో పడితే హీటర్‌లోకి తేమ దిగినట్టు. నీళ్లు బయటికి తోసేటప్పుడు పడితే డ్రైన్ పంపు. ఈ ముక్క చెబితే టెక్నీషియన్‌కు సగం పని తగ్గుతుంది.

ఆర్‌సీసీబీ మీద టీ అని రాసిన బటన్ నెలకొకసారి నొక్కాలి. నొక్కితే పడాలి. పడకపోతే అది చచ్చిపోయినట్టే. జుమ్మా రోజు ఇల్లు దులిపేటప్పుడు నొక్కడం అలవాటు చేసుకుంటే మర్చిపోరు. ఎర్త్ గుంతలో ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్లు పోయడం కూడా పాత పద్ధతే గాని పనికొచ్చేది. రాతి చోట్ల బొగ్గు, ఉప్పుకు బదులు బెంటొనైట్ లాంటి తేమ పట్టి ఉంచే పొడి వాడే ఎలక్ట్రోడ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. స్థలం ఉంటే రెండు గుంతలు తీసి కలపడం ఇంకా మంచిది. అద్దెకున్నవాళ్లకు ఇది ఇంటి ఓనరుతో మాట్లాడుకోవాల్సిన సంగతి. ఒక్క గుంతతో మూడు పోర్షన్లకూ ఎర్త్ వస్తుందని చెబితే ముగ్గురూ తలా కొంత వేసుకోవడానికి ఒప్పుకుంటారు.

గల్ఫ్ నుంచి వచ్చిన మెషిన్

కువైట్, దుబాయ్, సౌదీ నుంచి తిరిగొచ్చేవాళ్లు కార్గోలో సామాన్లు వేస్తుంటారు. అందులో డిష్‌వాషర్ ఉంటే వెనక రేటింగ్ ప్లేటు చదవకుండా ప్లగ్ పెట్టకూడదు. దుబాయ్, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలో సప్లై మనలాగే 50 హెర్ట్జ్. సౌదీలో 60 హెర్ట్జ్. 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసిన మెషిన్ ఇక్కడ ఆన్ అవుతుంది, కానీ పంపు మోటార్లు నెమ్మదిగా తిరుగుతాయి, వేడెక్కుతాయి, తొందరగా కాలిపోతాయి. 50/60 అని ఉంటే ఇబ్బంది లేదు. అమెరికా నుంచి వచ్చింది 120 వోల్టులది, దాని జోలికి పోకపోవడమే మంచిది.

గల్ఫ్ ప్లగ్ బల్లపరుపు మూడు పిన్నులది, లోపల 13 ఆంప్స్ ఫ్యూజు ఉంటుంది. దాన్ని ఏ సాకెట్టులోనైనా దూర్చే యూనివర్సల్ అడాప్టర్లు చాలావాటిలో ఎర్త్ కలవదు. కలిసినా పది ఆంప్స్ మోయలేవు. ఎలక్ట్రీషియన్‌తో మన 16 ఆంప్స్ ప్లగ్ బిగించుకోవాలి. మెషిన్ వైరులో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, పచ్చ పసుపు చారలది ఎర్త్. గోడ వైరింగ్‌లో మనవాళ్లు వాడేది ఎరుపు, నలుపు, పచ్చ. సాకెట్టును ఎదురుగా చూస్తే ఎర్త్ పైన, ఫేజ్ కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉండాలి.

వోల్టేజీ, ఇన్వర్టర్, బోరు నీళ్లు

వేసవి రాత్రుళ్లు సందు చివరి ఇళ్లకు వోల్టేజీ దిగిపోవడం తెలిసిందే. 180 వోల్టులకు దిగితే హీటర్ తన బలంలో అరవై శాతమే ఇస్తుంది, కాబట్టి నీళ్లు వేడెక్కడానికి ఎక్కువసేపు పట్టి ప్రోగ్రామ్ సాగుతుంది. మెషిన్ పాడైందనుకోనక్కర్లేదు. స్టెబిలైజర్ కావాలా వద్దా అన్నది కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూసి నిర్ణయించుకోవాలి. వోల్టేజీ తరచూ ఎగిరిపడుతున్నా, లైట్లు ఒక్కసారిగా మెరిసినా స్తంభం దగ్గర న్యూట్రల్ వదులై ఉండొచ్చు. వెంటనే మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చేయాలి. త్రీఫేజ్ లైనులో న్యూట్రల్ పోతే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు.

ఇంటి ఇన్వర్టర్ మీద డిష్‌వాషర్ వేయకూడదు, మోయలేదు. విడి లైనును ఇన్వర్టర్ లైనుకు కలపొద్దని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పాలి. మధ్యలో కరెంటు పోతే చాలా మెషిన్లు వచ్చాక ఆగినచోటి నుంచే మొదలుపెడతాయి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఉప్పు పొర హీటర్ దగ్గర పేరుకుంటుంది. పొర కింద హీటర్ ఎక్కువ వేడెక్కి పగులుతుంది, అక్కడి నుంచే లీకేజీ మొదలవుతుంది. మెషిన్‌లో ఉప్పు వేసే అర ఉంచింది నీటి కాఠిన్యం తగ్గించడానికి. కృష్ణా నీళ్ల కుళాయికి కలపగలిగితే ఆ ఖర్చు తగ్గుతుంది.

బిల్లు మాటకొస్తే, ఒక్కో వాయికి ఒక యూనిట్‌కు అటూఇటూగా కాలుతుంది. రోజుకో వాయి అనుకుంటే నెలకు 30 యూనిట్లు. 2022–23 టారిఫ్ స్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75 రూపాయలు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇల్లు 230కి పోతే పెరిగేది 193 రూపాయల 75 పైసలు. 300 కాల్చే ఇంటికైతే 262 రూపాయల 50 పైసలు. సర్దుబాటు చార్జీలు, సుంకం దీనికి అదనం. మెషిన్ నిండాకే వేస్తే ఇందులో సగం మిగుల్చుకోవచ్చు.

అందరూ పడుకున్నాక నడిచేలా రాత్రి పదకొండుకు టైమర్ పెట్టడం చాలామందికి ఇష్టం. నిద్రపోయేముందు దీపాలు ఆర్పమని, నిప్పు వదిలి పడుకోవద్దని దైవప్రవక్త (స) చెప్పారు. రెండు వేల వాట్ల హీటర్‌కూ అది వర్తిస్తుందనుకోవడంలో తప్పు లేదు. ఇషా తర్వాత వేసి తరావీహ్ నుంచి వచ్చేసరికి అయిపోయేలా చూసుకోవచ్చు, ఇంట్లో ఒకరు మెలకువగా ఉంటే. లేదంటే ఫజ్ర్ తర్వాత.

వరద నీళ్లు తగిలితే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. డిష్‌వాషర్‌లో మోటారు, పంపులు, హీటర్, వైర్ల కనెక్షన్లు అన్నీ అడుగునే ఉంటాయి. అడుగున్నర నీళ్లు చాలు, అన్నీ మునుగుతాయి. పల్లపు ప్రాంతాల్లో సాకెట్టు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పెట్టించుకోవాలి, మెషిన్‌ను ఇటుకల దిమ్మ మీద నిలబెట్టాలి. నీళ్లు వస్తున్నాయనగానే ముందు మెయిన్ ఆపాలి, ప్లగ్ తర్వాత. నీళ్లలో నిలబడి ప్లగ్ పీకకూడదు.

మునిగిన మెషిన్ బయటికి ఆరినట్టు కనిపించినా లోపల బురద, తేమ ఉండిపోతాయి. ఎండలో రెండు రోజులు పెట్టి ఆన్ చేసి చూద్దాం అనుకోవద్దు. టెక్నీషియన్‌తో విప్పించి, కడిగించి, ఆరాక మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలిపించాలి. ఇంటి సాకెట్లకూ, ఎర్త్ కనెక్షన్‌కూ అదే పని. వరద తర్వాత ఎర్త్ గుంత క్లాంపు తుప్పు పట్టి, ముట్టుకుంటే ఊడి వస్తుంది. దాన్ని కొత్తది వేయించి, ఆర్‌సీసీబీ బటన్ నొక్కి పడుతోందని చూసుకున్నాకే మెషిన్ ప్లగ్ పెట్టాలి.